అంజమ్మ కుండ మీద మోపిన నేరం

నా తలలో పురుగు చేరి ఉంటుందని ఒక డాక్టరు అన్న రోజే, అది ఏ కుండలోంచి వచ్చిందో మా వీధి తీర్పు చెప్పేసింది. విచారణ లేదు, సాక్ష్యం లేదు. ముద్దాయి నా భార్య అంజమ్మ. నేరం జరిగిన చోటు ఆమె పొయ్యి. శిక్ష ఏమిటన్న దగ్గర మాత్రం కొంత చర్చ జరిగింది: ఆమెను కొన్నాళ్ళు పుట్టింటికి పంపాలా, ఎప్పటికీ పంపాలా అని.

ఇప్పుడు నా మాత్రలు ఆగిపోయాయి. చివరి మూర్ఛ వచ్చి కొన్నేళ్ళయింది. బడికి పోతున్నాను, పాఠాలు చెబుతున్నాను, సభల్లో మాట్లాడుతున్నాను. ఇక మరచిపోరాదా అంటారు మిత్రులు. మరచిపోయేవాణ్ణే. మొన్న ఒక పెళ్ళిలో, చదువుకుని ఉద్యోగం చేస్తున్న పెద్దమనిషి ఒకాయన నా పక్కన కూర్చుని, విస్తరిలో వంకాయ కూర కలుపుకుంటూ, "సారూ, పంది తింటే మెదడుకు పురుగులెక్కుతయంట గద? మీకు గట్లనే అయిందంట" అని చిరునవ్వుతో అడిగాడు. అందుకే రాస్తున్నాను. కోపంతోనే రాస్తున్నాను. ఈ జబ్బుతో ఇంకెక్కడో ఒక మనిషి మంచంలో పడి ఉంటాడు, ఆ ఇంట్లో ఇంకొక ఆడమనిషి తలవంచుకుని నిలబడి ఉంటుంది. ఈ మాటలు వాళ్ళకు చేరితే చాలు.

ముందు ఆ వంట సంగతి చెప్పాలి. దాన్ని తిట్టినవాళ్ళలో ఒక్కరూ దాన్ని వండగా చూడలేదు.

అంజమ్మది ఎరుకల వాళ్ళ ఇల్లు, మాది గొర్లు మేపే ఇల్లు. మేము కులం చూసుకోకుండా సభలో దండలు మార్చుకుని పెళ్ళి చేసుకున్నాం. మా మామ చిన్నతనంలో పందులు కాసి, తర్వాత సికింద్రాబాద్ పోయి సిపాయిల మెస్సులో వంటవాడుగా చేరాడు. అక్కడ పంది మాంసాన్ని గంటల తరబడి సన్నని సెగ మీద ఉడికించి, ఆ రసంలో దారాల్లాంటి నూడుల్స్ వేసి సిపాయిలకు పెట్టేవారట. ఆయన ఆ వంటను ఇంటికి తెచ్చాడు, బిడ్డకు నేర్పాడు. మా ఆత్మకూర్‌లో ఆ రోజుల్లో నూడుల్స్ పొట్లాలు ఎక్కడివి? అంజమ్మ గోధుమపిండి తడిపి, రెండు అరచేతుల మధ్య రుద్ది, సన్నగా పొడుగ్గా తాల్కలు చేసేది. వినాయకచవితికి బెల్లం పాకంలో వేసి మా ఇళ్ళలో నైవేద్యం పెట్టే తాల్కలే అవి.

ఆదివారం పొద్దున మాంసం వచ్చేది. కడిగి, ఉప్పు పసుపు పట్టించి, అల్లం వెల్లుల్లి దంచి వేసి, ఎండుమిరప కచ్చాపచ్చాగా నూరి కలిపి, చింతపండు పులుసు పోసి మట్టికుండలో పెట్టేది. మూత అంచుకు తడి గోధుమపిండి పూసి ఆవిరి బయటికి పోకుండా మూసేది. పొయ్యిలో మంట ఉండేది కాదు. పిడకల నిప్పు, దాని మీద బూడిద. "మంట పెడ్తే పైన మాడుతది, లోపల పచ్చిగుంటది. నిప్పు పెట్టి ఊకోవాలె" అనేది. మధ్యాహ్నం పొయ్యెక్కిన కుండ, గొర్లు దొడ్డికి మళ్ళే పొద్దుకు దిగేది. పిండి ముద్ర పగలగొడితే ఆ వాసనకు ప్రహరీ అవతలి కుక్కలు లేచి నిలబడేవి. అప్పుడు కుండను మళ్ళీ నిప్పు మీద పెట్టి, కుతకుత తెర్లుతున్న రసంలో తాల్కలు వేసేది. అవి ఆ కొవ్వునూ పులుపునూ పీల్చుకుని ఉబ్బేవి, రసం చిక్కబడేది. నెలకొక్కసారి ఆ పూట. నేను రెండు గిన్నెలు తినేవాణ్ణి.

ఒకటే వాకిలి, రెండు పొయ్యిలు. మా అమ్మ, అన్న యాదగిరి కుటుంబం ముందు పొయ్యి. అంజమ్మది వెనక మూల. ఆ పందికూర ఆదివారం తప్ప మిగతా రోజులన్నీ నా తిండి అమ్మ చేతిదే. అది ఆమె పట్టు. వాకిట్లో, వీధి మురుగు పారే మోరీ పక్కన ఆమె పెంచుకున్న కొత్తిమీర మడి ఉండేది. మోరీకి చిన్న గండి కొట్టి నీళ్ళు మళ్ళించేది. ఎండాకాలంలోనూ పచ్చగా ఉండే మడి అది. పప్పైనా, చారైనా, మజ్జిగైనా గిల్లి పచ్చిగా చల్లందే నా ముందు పెట్టేది కాదు.

*

తొంభై ఒకటి, ఎండాకాలం.

కృష్ణ ఒడ్డున ఒక ఊళ్ళో జాతర ముగిసింది. జాతరలో పూనకం వచ్చిన ఒకామె, పక్కింటి ముసలమ్మను చేతబడి చేసిందని వేలెత్తి చూపింది. ముసలమ్మను ఊళ్ళోంచి వెళ్ళగొట్టారు. మా హేతువాద సంఘం అక్కడ సభ పెట్టింది. నేను వక్తను. "పూనకం అనేది దేవత కాదు, మనిషి మనసు ఆడే ఆట, దాని మాట పట్టుకుని ఒక ఆడమనిషి బతుకు తీస్తారా?" అని గట్టిగా అడుగుతున్నాను. గొంతు బాగా పలుకుతోంది. కుడిచేతి వేళ్ళు వాటంతటవే కొట్టుకోవడం మొదలైంది. నోట్లో ఇనుము నాకినట్టు రుచి. చెయ్యి ఎగురుతోంది, నేను చూస్తున్నాను, ఆపలేకపోతున్నాను. అంతే. తర్వాత ఏమీ లేదు.

కళ్ళు తెరిచేసరికి నా నొసట పసుపు, పిడికిట్లో తాళాల గుత్తి, ముక్కు దగ్గర ఎవరిదో చెప్పు. నాలుక కొరుక్కుని నోరంతా రక్తం. కాళ్ళ దగ్గర ఒక ఆమె చేతులు జోడించి అడుగుతోంది:

"తల్లీ, నా బిడ్డకు కాన్పు ఎప్పుడైతదో చెప్పు తల్లీ!"

దేవత రాదని చెప్పడానికి పోయినవాడి ఒంటి మీదికే దేవత వచ్చిందని ఆ ఊరు నమ్మింది. నన్ను పక్కకు తిప్పి పడుకోబెట్టి, నోట్లోంచి రక్తం బయటికి కారేటట్టు చేసి, తాళాలు లాగి అవతల పారేసింది, నా వెంట సభకు వచ్చిన అంజమ్మ ఒక్కతే. "గాలాడనియ్యుర్రి, జరుగుర్రి!" అని ఆమె అరిచిన అరుపు లీలగా గుర్తుంది. జోస్యం అడిగిన ఆమెను ఆమే లేపి పంపింది. "అక్కా, మా అవ్వ ఎరుక చెప్పేది. జనం నోట్లకెల్లి ఇన్నదే తిప్పి జనానికి చెప్పేది. గీయనకు పానం బాగలేదు. నీ బిడ్డను దవాఖానకు తీస్కపో."

ఒక్క మాట ఇక్కడే చెబుతాను. మూర్ఛ వచ్చిన మనిషికి తాళాలు అక్కరలేదు, చెప్పు వాసన అక్కరలేదు, నోట్లో చెంచాలు కుక్కొద్దు. పక్కకు తిప్పండి. తల కింద మెత్తగా ఏదైనా పెట్టండి. దగ్గర కూర్చోండి. మిగతాది డాక్టరు పని.

ఇంటికి వచ్చాక మళ్ళీ వచ్చింది, మళ్ళీ వచ్చింది. బడికి సెలవు పెట్టాను. మూర్ఛ కన్నా, అది ఎప్పుడొస్తుందో తెలియకపోవడం ఘోరం. గ్లాసు పట్టుకుంటే భయం, బావి దగ్గరికి పోతే భయం, నలుగురి ముందు నిలబడాలంటే సిగ్గు. నా వేళ్ళను నేనే కాపలా కాసుకునేవాణ్ణి.

మాకు దగ్గరి పట్నంలో ఒక డాక్టరు ఉండేవాడు. వరండాలో పొద్దంతా కూర్చున్నాక పిలిచాడు. పేరు అడిగాడు, భార్య ఎవరని అడిగాడు, ఆమె ఎవరి బిడ్డో విన్నాక నా వైపు చూడటం మానేశాడు.

"పంది తింటారా?"

"తింటాను. బాగా ఉడికించి."

"అదే. పంది పురుగు తలకెక్కి ఉంటుంది. ముందు ఆ తిండి మానండి. హైదరాబాద్ పోయి తలకు స్కానింగ్ తీయించుకోండి."

పురుగు అన్న మాట నిజమే అయింది, అది వేరే సంగతి. ఆయనకు అది ఎలా తెలిసింది? నా చెయ్యి పట్టి చూసి తెలుసుకోలేదు. నా భార్య కులం విని తెలుసుకున్నాడు. తెల్లకోటు తొడుక్కున్న పూనకానికీ జాతరలో పూనకానికీ తేడా ఏమిటో ఆ రోజు నాకు అర్థం కాలేదు. ఆ మాట అన్నప్పుడు మా అన్న యాదగిరి నా పక్కనే ఉన్నాడు. మేము బస్సు దిగిన గంటలోపు వీధికంతా తెలిసింది.

"నేను చెప్పలే?" అంది అమ్మ, గుండె బాదుకుంటూ. "నీ గిన్నెల తేలేటియి చూసినవా? తెల్లగ, పొడుగ్గ, వానపాముల తీర్గ. తినకురా తినకురా అంటే ఇన్నవా? పురుగులసొంటియి తింటివి, పురుగులే తలకెక్కె!"

"అమ్మా, చవితినాడు నువ్వు బెల్లంల ఏసేటియి గవే తాల్కలు గదా. అవి దేవునికి పెడ్తవు. ఆయన తలకు పురుగులెక్కినయా?"

"దేవునితోని పరాచికాలాడకు. నీకు గందుకే గిట్లయింది."

బెల్లంలో పడితే ప్రసాదం, పందికూరలో పడితే పురుగు. ఒకే పిండి, ఒకే అరచేతులు రుద్దిన రుద్దుడు. నేను పదిహేనేళ్ళుగా సభల్లో చెబుతున్నది ఇదే గదా, ఒక వస్తువు ఇంకొక దానిలా కనిపించినంత మాత్రాన దానికి కారణం కాదని! ఆ సాయంత్రం మంచం మీది నుంచే చెప్పబోయాను. నాలుక వాచి ఉంది, మాట ముద్దముద్దగా వచ్చింది. వాకిట్లోంచి ఒక చప్పుడు వినిపించింది. మా అన్న అంజమ్మ కుండను తీసి మోరీ గట్టుకు కొట్టాడు.

ఆమె ఏడవలేదు. పెంకులు ఏరి ఒక మూల కుప్ప పెట్టింది.

"ఎందుకు ఏరుతున్నవే?" అని అన్న గద్దించాడు.

"పిల్లల కాళ్ళల్ల గుచ్చుకుంటయి బావా" అంది.

ఆ రోజు నుంచి ఆమె పొయ్యి వెలగలేదు. ఆమెను నా కంచం అంటనివ్వలేదు, నా మంచినీళ్ళ చెంబు అంటనివ్వలేదు. అదే ఇంట్లో ఉంటూ, ముందు పొయ్యి దగ్గర పెట్టింది తింటూ ఉంది. దసరా లోపల ఆమెను పుట్టింట్లో దింపి రావాలని అన్న నిర్ణయించాడు. "నీకు బాగయ్యేదాంకనే తమ్మీ. మేమేమన్న పగోళ్ళమా?"

చివరికి నా సంఘం మిత్రులు వచ్చారు. బత్తాయిలు తెచ్చారు. మా అధ్యక్షుడు పెద్దమనిషి, నాకన్నా ఎన్నో పుస్తకాలు చదివినవాడు, గొంతు తగ్గించి అన్నాడు: "నర్సింహులూ, మూర్ఛ అని బయట చెప్పకు. బీపీ అందాం. ఇక ఆ పంది మాంసం సంగతి... ఎందుకయ్యా మనకు? ఉద్యమానికి చెడ్డపేరు."

ముసలమ్మను వెళ్ళగొట్టిన ఊళ్ళో సభ పెట్టిన మనుషులు వీళ్ళు. నా ఇంట్లో ఒక మనిషిని అదే తీరుగా వెళ్ళగొడుతుంటే బత్తాయిలు ఒలిచి నాకు అందిస్తున్నారు. పోయేముందు ఒకాయన అంజమ్మను చూసి, "అమ్మా, కొన్ని మంచినీళ్ళు" అన్నాడు. ఆమె అక్కడే నిలబడి, "నన్ను కుండ ముట్టనిస్తలేరు సారు. మా అత్తను అడుగురి" అంది. ఆయన దాహం ఆపుకున్నాడు.

*

వానలు పడ్డాక.

హైదరాబాద్‌లో పెద్ద దవాఖాన. నా తోడు అంజమ్మ వచ్చింది. అన్న గొర్ల పని ఉందని ఆగాడు, వేరే దారిలేక ఆమెనే పంపారు. నా కంచం ముట్టుకోవద్దన్నవాళ్ళే మూటలు మోయడానికి మాత్రం ఆమె పనికొస్తుందనుకున్నారు.

ఆ వరండా నాకిప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. గోడ వెంట బల్లలు, బల్లల మీద చోటు దొరకనివాళ్ళు నేల మీద. తలకు గుడ్డలు చుట్టుకున్నవాళ్ళు, నిద్రపోతున్నవాళ్ళు, ఎదురుచూసి ఎదురుచూసి కోపం కూడా అయిపోయినవాళ్ళు. మా పక్కన తెల్ల ధోవతి, నల్ల టోపీతో ఒక సేటు. కోస్గిలో కిరాణా దుకాణం. వెంట బావమరిది వచ్చాడు గానీ ఏదో పనని బజారుకు పోయాడు. సేటు ఒడిలో పెరుగన్నం డబ్బా పెట్టుకుని, అంజమ్మ కొంగు తగలకుండా జరిగి కూర్చున్నాడు. ఎవరమని అడిగి తెలుసుకున్నాక ఇంకొంచెం జరిగాడు.

మధ్యాహ్నం ఆయన డబ్బా జారి కిందపడింది. చెయ్యి ఎగరడం మొదలైంది. నాకు తెలిసిన ఎగురుడే. చుట్టూ ఉన్నవాళ్ళు లేచి దూరం జరిగారు. ఎవరో తాళాలు అన్నారు. అంజమ్మ లేచి ఆయన్ను పక్కకు తిప్పి, తన మూటలోని చీర మడిచి తల కింద పెట్టి, నోటి నుంచి కారే నురుగును కొంగుతో తుడుస్తూ కూర్చుంది. ఆయన నెమ్మదిగా కళ్ళు తెరిచి నీళ్ళు అడిగాడు. ఆమె చెంబు చూపించింది.

"మా చెంబుల నీళ్ళే ఉన్నయి సేటు. తాగుతవా?"

ఆయన చెంబు అందుకుని ఒకసారి లోపలికి చూశాడు. తర్వాత తాగాడు.

స్కానింగ్ చిత్రాలు వచ్చాక లోపల డాక్టరమ్మ, నడివయసు మనిషి, నన్నూ సేటునూ ఒకేసారి పిలిచింది. అంజమ్మ నా వెనక నిలబడింది. ఇద్దరి చిత్రాలూ పక్కపక్కన దీపం ముందు పెట్టింది. నా తలలో ఒక తెల్లని చుక్క, సేటు తలలో అలాంటివే రెండు. "ఇద్దరికీ ఒకటే జబ్బు" అంది. "పంది పురుగు అంటారు బయట."

సేటు కుర్చీలోంచి లేచాడు. "అమ్మా, నేను కోడిగుడ్డు గూడ ముట్టలే! మా ఇంట్ల ఏకాదశికి ఉల్లిగడ్డ తరగరు. నాకు పంది పురుగేంది? చిత్రాలు మారినయేమో చూడున్రి."

"మారలేదు. కూర్చోండి" అంది ఆమె విసుక్కోకుండా. సరిగా ఉడకని పంది మాంసం తింటే పురుగు పేగుల్లో చేరుతుందనీ, అలా చేరిన మనిషి చెంబు పట్టుకుని ఎక్కడ కూర్చుంటే అక్కడ దాని గుడ్లు పడతాయనీ, అవి మోరీల్లోకి, మడుల్లోకి, పచ్చి ఆకుల మీదికి, కడగని చేతుల మీదికి చేరతాయనీ, ఆ గుడ్లు మింగినవాడి తలలోకి ఇది వస్తుందనీ చెప్పింది. తలలోకి వచ్చేది ఉడికిన కూర నుంచి కాదు. "పూటంతా కుతకుత ఉడికిన మాంసంలో ఏ పురుగూ బతకదు. పచ్చి కొత్తిమీర, పచ్చి ముల్లంగి, మోరీ నీళ్ళు పారించిన ఆకుకూర... వాటిని చూడండి."

"మరి నాకు ఎక్కడి నుంచి వచ్చింది?" అని అడిగాను.

"అది చెప్పలేను. ఏళ్ళ కింద ఎప్పుడో మింగి ఉండవచ్చు. ఎవరూ చెప్పలేరు."

బయటికి వచ్చాక సేటు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "సారూ, మీరు అదృష్టవంతులు. తిన్నరు, వచ్చింది అనుకుంటరు. నేను ఇంటికి పోయి ఏం చెప్పాలె? దొంగతనంగ తిన్నడు అంటరు గదా! మా వాళ్ళు నన్ను బంతిల కూసోనిస్తరా?"

"నువ్వు తినలే, సేటు" అన్నాను. "తినకున్నా వస్తదని డాక్టరమ్మే చెప్పె గదా."

"డాక్టరమ్మ మా వాడకట్టుకు వస్తదా చెప్పనీకె?"

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఒకే తీరు చుక్కలు ఇద్దరి తలల్లో. నాది నేరానికి రుజువు, ఆయనది అవమానానికి గుర్తు. సేటు ఇంట్లో "జరంత నరాల వీక్‌నెస్" అని చెప్పుకోవడానికి నిశ్చయించుకుని బస్సెక్కాడు.

మేమూ మా బస్సెక్కాం. జడ్చర్ల దాటాక అంజమ్మ, "మోరీ నీళ్ళ మడి అన్నది ఆమె. ఇన్నవా?" అంది.

"ఇన్న."

"ఇంట్ల అనకు."

"ఎందుకనొద్దు? నిన్ను వెళ్ళగొట్టాలని చూస్తున్నరు!"

"ఎవరూ చెప్పలేరని గూడ అన్నది. గది గూడ ఇన్నవా?"

*

చలికాలం రాబోతుండగా.

దవాఖాన నుంచి రాగానే మాత్రలు మొదలయ్యాయి. పగలంతా మత్తు, నడిస్తే నేల మెత్తగా దిగినట్టు. మూర్ఛలు మెల్లగా దూరమయ్యాయి. డాక్టరమ్మ చెప్పిందంతా, మడి మాట ఒక్కటి తప్ప, నేను ఇంట్లో చెప్పాను. చిత్రం చూపించాను. సేటు పేరు చెప్పకుండా, గుడ్డు కూడా తినని మనిషికి ఇదే వచ్చిందని చెప్పాను.

"పెండ్లాన్ని ఎనకేసుకొస్తున్నడు" అంది అమ్మ.

"చదువుకున్నోడు గదా, ఎట్లన్న తిప్పుతడు" అన్నాడు అన్న. దసరాకు ముందు రోజు బండి కట్టాలని మాట కూడా అయిపోయింది. అంజమ్మ తన రెండు చీరలు మూట కట్టుకుని, మూటను వెనక గోడకు ఆనించి పెట్టింది. "పండుగెల్లినాక వస్తనో రానో నాకు ఎరుకలేదు" అంది నాతో. "వస్తె మాత్రం మంచినీళ్ళ చెంబు ముట్టనిచ్చే ఇంటికే వస్త."

బండి కట్టాల్సిన ముందునాటి పొద్దున మా వాకిట్లో రిక్షా ఆగింది. కోస్గి సేటు దిగాడు. పల్లికాయ బేరానికి మా మార్కెట్‌కు వచ్చాడట. చేతిలో ఆపిల్ పండ్ల సంచి. "చెల్లె ఏది?" అని నేరుగా అడిగాడు.

మా అమ్మ హడావిడిగా కుర్చీ తుడిచింది. అంత పెద్ద కులపు మనిషి మా వాకిట్లో కూర్చోవడం మామూలు సంగతి కాదు. సేటు కూర్చుని, గోడకు ఆనించిన మూటను చూసి అడిగాడు, ఎక్కడికి ప్రయాణమని. అన్న కథంతా చెప్పాడు. పంది కూర, తాల్కలు, పురుగు, పుట్టిల్లు. సేటు ముఖం ఎర్రబడింది. లేచి వెళ్ళి వాకిలి తలుపు తానే వేసి వచ్చాడు.

"అమ్మా, నీ కాళ్ళు మొక్కుత, గీ మాట గోడ దాటొద్దు" అన్నాడు మా అమ్మతో, గుసగుసగా. "నీ కొడుకుకు వచ్చిన పురుగే నాకు వచ్చింది. నేను ఏం తిన్ననని? నీ కోడలు దవాఖానల నా తల పట్టుకోకపోతే నేను నాలుక కొరుక్కొని సచ్చేటోణ్ణి. ఆమె చెంబుల నీళ్ళు తాగిన. డాక్టరమ్మ ఇద్దర్నీ కూసోబెట్టి చెప్పింది. ఉడికినదాని తోని రాదంట. మోరీ నీళ్ళు పారిచ్చిన పచ్చికూర తోని వస్తదంట. పచ్చి కొత్తిమీర గిట్ల."

అమ్మ నోరు తెరిచి వింది. అన్న కూడా. మూడు నెలలుగా నేను చెప్పినది, చిత్రం చూపించి చెప్పినది, చదువు చెప్పుకునే నా నోటితో చెప్పినది చెవికెక్కలేదు. సేటు గుసగుసగా చెప్పగానే వేదమైంది. "ఆయన ఎందుకు అబద్ధమాడుతడు? గుడ్డు గూడ తినని మనిషి!" అంది అమ్మ. నాకు సంతోషం రాలేదు. ఒళ్ళు మండింది, ఇప్పటికీ మండుతుంది. సత్యానికి కూడా కులం ధ్రువీకరణ పత్రం కావాలా? సేటు మీద కాదు నా కోపం. తన పరువును మా వాకిట్లో పరిచిపోయిన మనిషి అతను. అందుకే ఇక్కడ అతని పేరు రాయలేదు.

కోపం ఇంకా చల్లారక ముందే మా అన్న తల మోరీ వైపు తిరిగింది. మడి వైపు. తర్వాత అమ్మ వైపు.

"అంటే... నీ కొత్తిమీరేనా అమ్మా?" అన్నాడు. "రోజూ పచ్చిది చల్లి పెట్టింది నువ్వే గదా! నా తమ్ముణ్ణి గిట్ల చేసింది నువ్వా?"

ఎప్పుడూ మాటకు మాట అప్పజెప్పే అమ్మ, చీర కొంగు పట్టుకుని మడి వైపు రెండడుగులు వేసింది. నిజం చెప్పాలంటే ఆ ప్రశ్న నా గొంతులోనూ ఉంది, నెలల నుంచి ఉంది. అన్న అడిగేశాడని ఒక్క క్షణం తృప్తి కూడా కలిగింది.

అంజమ్మ ముందుకొచ్చింది.

"బావా, ఆగు. ఏ మడి నుంచి వచ్చిందో, ఏ బండి మీద తిన్న బజ్జీ పచ్చడి నుంచి వచ్చిందో ఎవ్వరికీ ఎరుకలేదు. డాక్టరమ్మే చెప్పలేనన్నది. నువ్వు చూసినవా? నా కుండను అన్నట్టె గిప్పుడు అత్త మడిని అంటవా? మొన్న నా కుండ పలగ్గొట్టినవు. గిప్పుడు ఎవర్ని పలగ్గొడ్తవు?"

సేటు తలవంచుకుని పండ్ల సంచి అరుగు మీద పెట్టాడు. ఆధారం లేకుండా నేరం మోపకూడదని నేను ఎన్నో వ్యాసాల్లో రాశాను. ఆ వాక్యం ఒక మనిషి నోటి నుంచి, తనకు అన్యాయం చేసినవాళ్ళ కోసం రావడం ఆ పొద్దే చూశాను.

మరునాడు బండి కట్టలేదు. అమ్మ తెల్లవారగానే మడిలో కూర్చుని కొత్తిమీర వేళ్ళతో సహా పెరికింది. మోరీ గండిని మట్టితో, రాళ్ళతో పూడ్చింది. ఎవరూ పెరకమని అనలేదు. ఎవరూ ఆపలేదు.

అంజమ్మ మాత్రం మెత్తబడలేదు. అమ్మ "పొయ్యి ముట్టిచ్చుకో పిల్లా" అన్నప్పుడు, "సేటు చెప్పిండని ముట్టిస్తనా అత్తా? ఆయన రాకుంటె నేను దోషినే ఉండేదాన్ని గదా. కుండ పలగ్గొట్టినోళ్ళు కుండ తేవాలె" అంది. అన్న రెండు వారాలు బిగుసుకుని తిరిగాడు. ఒక అంగడినాడు చంకలో కుండ పెట్టుకుని వచ్చి, ఎవరి ముఖమూ చూడకుండా వెనక మూల దించి, "మంచిదేనా చూస్కో. కొట్టి చూసిన, ఖంగుమంటున్నది" అన్నాడు. ఆమె వేళ్ళ కణుపులతో మళ్ళీ కొట్టి చూసి తీసుకుంది.

ఆ ఆదివారం నేను మంచం పొయ్యి దగ్గరికి లాక్కుని కూర్చున్నాను. ఆమె మాంసం కడిగింది, మసాలా పట్టించింది, పులుసు పోసింది, మూతకు పిండి పూసింది. పిడకల నిప్పు మీద బూడిద కప్పి ఊరుకుంది. నేను అరచేతుల మధ్య పిండి రుద్ది తాల్కలు చేశాను. మందుల వల్ల వేళ్ళు ఇంకా వణికేవి. లావుగా, వంకరగా వచ్చాయి. "గివి నిజంగనే పురుగులు" అని ఆమె నవ్వింది. ఎండాకాలం తర్వాత ఆమె నవ్వగా వినడం అదే మొదటిసారి.

గొర్లు మళ్ళే వేళకు పిండి ముద్ర పగలగొట్టి, తాల్కలు వేసింది. రసం తెర్లుతోంది. అప్పుడు అమ్మ వచ్చింది. ఆ పొయ్యి దగ్గరికి పెళ్ళయిన నాటి నుంచి ఆమె ఎప్పుడూ రాలేదు. పందికూర వాసనకు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, రెండో చేతిలో ఒక కొత్తిమీర కట్ట.

"బాయి నీళ్ళదే" అంది. "యాదగిరితోని తెప్పిచ్చిన. కొత్తిమీర లేని కూర వాడు తినడు."

అంజమ్మ లేచి కట్ట అందుకుంది. గిన్నెలో ఉప్పునీళ్ళు పోసి, ఒకసారి కడిగి, నీళ్ళు మార్చి మళ్ళీ కడిగింది. తరిగి, తెర్లుతున్న కుండలో వేసి మూత పెట్టింది.

"ఆఖర్న పైన చల్లాలె గదనే" అంది అమ్మ, చిన్నగా. "లోపల ఏస్తే వాసన పోతది."

"పోనియ్ అత్తా" అంది అంజమ్మ. "కూసో. ఇంక జరసేపు ఉడకాలె."

అమ్మ నా మంచం పట్టెమీద కూర్చుంది. ఆ కూర ఆమె తినలేదు, ఎప్పటికీ తినలేదు. అది ఉడికేదాకా మాత్రం అక్కడి నుంచి లేవలేదు.